భోగిమంటయు, మూతబిగించిన డబ్బాయు



నేను బడిలో పాఠములు చెప్పుచుండిన దినములలో, ఒక భోగినాటి వేకువను నా శిష్యుడొకడు మూత బిగించిన పాత రేకుడబ్బాను మంటలో వైచెను. కొంతసేపటికది పిడుగువలె ప్రేలెను. ఎగిరిన రేకుముక్క వాని చెక్కిలిని చీల్చెను. కన్ను దక్కుట దైవకృప. “డబ్బాలో ఏమియు లేదుగదా పంతులుగారూ, ఏల ప్రేలినది?” అని వాని తండ్రి నన్నడిగెను. అతనికి చెప్పిన సమాధానమునే నేడు మీకును మనవి చేయుచున్నాను.

ఖాళీ యని మనమనుకొను డబ్బాలో గాలి నిండియుండును. ఏ వాయువునకైనను ఘనపరిమాణము, ఒత్తిడి, ఉష్ణోగ్రత అను మూడు లక్షణములు కలవు. ఇవి అవిభక్త కుటుంబమునందలి మువ్వురు సోదరులవంటివి. ఒకని నడత మారినచో తక్కిన యిద్దరిలో ఒకడైనను మారక తప్పదు.

వేడి మారకుండ వాయువును సగము చోటిలోనికి కుదించినచో ఒత్తిడి రెట్టింపగునని 1662లో రాబర్ట్ బాయిల్ ప్రకటించెను. సైకిలు పంపుకొనను వ్రేలితో మూసి పిడిని నొక్కినవారికిది అనుభవమే. ఇక ఒత్తిడి మారకుండ వేడిచేసినచో వాయువు వ్యాకోచించును. ఈ సంగతిని ఫ్రాన్సు దేశమున షార్లు 1787 ప్రాంతమున గమనింపగా, గేలుసాకు 1802లో లోకమునకు వెల్లడించెను.

మన డబ్బాకు మూత బిగించియున్నది. వ్యాకోచించుటకు చోటు లేదు. కావున వేడి పెరిగినకొలది ఒత్తిడియే పెరుగవలెను. ఎంత? ఈ లెక్కలో వేడిని మంచు కరగు స్థానమునుండి గాక, అంతకు 273 డిగ్రీలు దిగువనుండి గణింపవలెను. 27 డిగ్రీల గాలి ఈ గణనమున 300. నిప్పులలో నది 627 డిగ్రీలకు చేరినచో 900. వేడి మూడురెట్లయినది గనుక ఒత్తిడియు మూడురెట్లగును. లోపల తడి యున్నచో అది ఆవిరియై ఒత్తిడిని మరింత హెచ్చించును. పలుచని రేకు దానిని తాళజాలదు. దోమలమందు చిమ్ము డబ్బాలు ఇంతకంటెను ప్రమాదకరములు. అయిపోయినవనుకొన్నను వానిలో మండెడు వాయువు కొంత మిగిలియుండును.

కావున పెద్దలారా! భోగిమంటలో కర్రలు, పిడకలు వేయింపుడు; డబ్బాలను, సీసాలను చేరనీయకుడు.

నా శిష్యుడు నేడు బిడ్డల తండ్రి. ఏటేట భోగినాడు చేత కర్ర పట్టుకొని మంటచెంత నిలిచి, పిల్లలు తెచ్చు ప్రతి వస్తువును పరీక్షించి గాని వేయనీయడు. ఎవరైనను కారణమడిగినచో, చెక్కిలిమీది మచ్చను చూపును.