చెవి పోటా, దవడ పోటా?

ఎండుజొన్నరొట్టె నములుతుంటే చెవి దగ్గర కటుక్కుమని నొస్తోందా? చెవిలో నూనె పోయకండి. చెవికి ముందు వేలు ఆనించి నోరు తెరవండి. అక్కడ కదిలేదే దవడ కీలు. నొప్పి దానిదే కావచ్చు.

నిద్రలో పండ్లు కొరికినా, దిగులుతో దవడ బిగబట్టినా, దెబ్బ తగిలినా ఆ కీలు నొస్తుంది. శబ్దమే ఉండి నొప్పి లేకుంటే వైద్యం అక్కర్లేదు.

నొప్పి ఉంటే దవడకు విశ్రాంతినివ్వండి. కొన్నాళ్లు రొట్టె మాని సంగటి తినండి. మన సీమవాళ్లకు అదేమీ శిక్ష కాదులెండి! వేడిగుడ్డతో కాపడం పెట్టండి. ఆవులింత వస్తే గడ్డం కింద చెయ్యి ఆనించండి. చాలామందికి కొన్ని వారాల్లో ఇంతతోనే తగ్గుతుంది. తగ్గకుంటే పండ్ల డాక్టరు మాత్రలు, వ్యాయామాలు, రాత్రి పండ్లకు తొడుగు ఇస్తారు. ఆపరేషన్ అరుదు. మన చాగలమర్రి నుంచి హైవే మీదే వెళ్తే కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది.

వక్క, గుట్కా నమిలేవారి సంగతి వేరు. నోట్లో మీ మూడు వేళ్లు నిలువుగా పట్టకుంటే వెంటనే చూపించుకోండి. అలా నోరు బిగుసుకుపోయే జబ్బు క్యాన్సర్‌కు దారితీయొచ్చు.

ఇంకో మాట. దవడ నొప్పితో పాటు ఛాతీ బరువు, చెమట, ఆయాసం ఉంటే అది గుండెపోటు కావచ్చు. 108కి ఫోన్ చేయండి.