మధ్యలో ఆపకూడని అతుకు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



“తాతయ్యా, ఫ్యాక్టరీలో నువ్వేం చేసేవాడివి?” అని మా మనవరాలు అడిగింది. లావుపాటి ఉక్కు పలకలు అతికించేవాళ్లం అన్నాను. ఆ పని గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను.

నాలుగంగుళాల మందం పలకలను మామూలు వెల్డింగుతో అతకాలంటే పొర మీద పొర ఎన్నోసార్లు వేయాలి. ఎలక్ట్రోస్లాగ్ పద్ధతిలో ఒక్కసారే. పలకలను అంగుళం పైచిలుకు సందుతో నిలువుగా నిలబెట్టి, ఆ సందుకు ఇరుపక్కలా నీళ్లు పారే రాగి దిమ్మలు బిగిస్తాం. అడుగున ఫ్లక్స్ పొడి పోసి ఆర్క్ వెలిగిస్తే, పొడి కరిగి స్లాగ్ అవుతుంది, ఆర్క్ ఆరిపోతుంది. ఆపైన కరెంటు స్లాగ్ గుండానే పారుతుంది. ఆ వేడికి పైనుంచి దిగే తీగ, పలకల అంచులు కరిగి కలిసిపోతాయి. ఒక రకంగా ఇది పోతపని. 1950 ప్రాంతంలో కీవ్‌లోని పేటన్ సంస్థ దీన్ని పరిశ్రమలకు అందించింది. నెమ్మదిగా చల్లారడంతో లోహం గ్రెయిన్లు పెద్దవవుతాయి. అందుకే తర్వాత కొలిమిలో 900 డిగ్రీలు దాటించి నార్మలైజ్ చేసేవాళ్లం.

చిక్కల్లా ఒకటే. మొదలుపెడితే పైదాకా ఆపకూడదు.

1976లో ఒక రాత్రి షిఫ్టులో, సగం సీము అయ్యాక కరెంటు పోయింది. డిస్పాచ్ తేదీ నెత్తిమీద ఉంది. కరెంటు రాగానే అక్కడినుంచే కొనసాగించమన్నాను. మా సీనియర్ వెల్డర్ గ్లోవ్స్ తీసి పక్కన పెట్టాడు. “పైన నునుపు చేస్తాను సార్. లోపలేముందో ఎవరు చూడొచ్చారు? కోసేద్దాం” అన్నాడు. ఎంత చెప్పినా వినలేదు. చివరికి కోయించాను. ఆగినచోట బొటనవేలంత స్లాగ్ ముద్ద చిక్కుకుని ఉంది.

పని మూడు రోజులు ఆలస్యమైంది. నాకు మెమో వచ్చింది. సంజాయిషీలో “వెల్డర్ నిరాకరించినందున” అని రాశాను. స్లాగ్ ముద్ద సంగతి రాయలేదు. ఆయన ఇంక్రిమెంట్ ఆగింది.

కొన్నేళ్ల తర్వాత ఒక సంగతి చదివాను. 1977 జనవరిలో అమెరికాలో పిట్స్‌బర్గ్ వద్ద నెవిల్ ద్వీపం వంతెన దూలం దాదాపు నిలువెల్లా చీలింది. ఎలక్ట్రోస్లాగ్ అతుకులో, సరిగా మరమ్మతు జరగని చోట చీలిక మొదలైంది. ఆ ఏడాదే అక్కడి వంతెనల ముఖ్య భాగాల్లో ఈ పద్ధతిని ఆపేశారు. మెరుగుపరిచాక 2000లో మళ్లీ అనుమతించారు.

ఆ వెల్డర్ ఇప్పుడు లేరు. ఆయన సతీమణి ముందు వరసలో కూర్చున్నారు. అమ్మా, ఆ రాత్రి మీవారు చేసింది ఒప్పు. నేను రాసింది తప్పు. ఈ మాట ఆయన ఉండగానే చెప్పవలసింది. నన్ను మన్నించండి.

సెలవు.