అంతర్జాతీయ నాడీవైద్య మహాసభలు – మన కర్తవ్యము

(వార్షిక మహాసభయందు రెండవనాటి ఉదయమున చేయబడిన యుపన్యాసము)



ఈ మహాసభయందు వైద్యవిషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్నాదేశించిరి. నేను నలువది సంవత్సరములు వైద్యవృత్తియందుండి విశ్రాంతి గొన్నవాడను, వక్తను గాను. విద్యానిధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు నిన్న పెద్దలు గావించిన గంభీరోపన్యాసముల తరువాత, ఎక్కడనో స్విట్జర్లండులోను లండనులోను జరిగిన వైద్యసభల ముచ్చట మనకేల యని కొందఱికి తోపవచ్చును. కాని, వారును సభలు చేసిరి; మనమును సభ చేయుచున్నాము. ఎట్టి సభ లోకమునకు మేలు చేయును, ఎట్టిది కీడు చేయును అను ప్రశ్నకు ఆ వైద్యసభల చరిత్రయందు మంచి సమాధానము కలదు. అందువలననే యీ విషయము నెన్నుకొంటిని.

మెదడు, వెన్నుపాము, వానినుండి దేహమంతట వ్యాపించిన నాడులు – వీనికి గలుగు వ్యాధులను గూర్చిన శాస్త్రమే నాడీవైద్యము. నాడి యనగా చేయి పట్టి చూచు ధాతువు గాదు. మెదడునుండి యాజ్ఞలను కొనిపోవుచు, దేహమునుండి వార్తలను తెచ్చు తంతువు. పక్షవాతము, అపస్మారము, పార్శ్వపు తలనొప్పి, వణుకురోగము మున్నగునవి యీ శాస్త్రమునకు సంబంధించినవి.

ఈ శాస్త్రజ్ఞుల ప్రథమ అంతర్జాతీయ మహాసభ 1931వ సంవత్సరమున ఆగస్టు 31 మొదలుకొని సెప్టెంబరు 4 వఱకు స్విట్జర్లండునందలి బెర్నునగరమున జరిగెను. న్యూయార్కు వైద్యుడగు బెర్నార్డు సాక్సుగారు అధ్యక్షులు. 1914లో మొదలైన మహాయుద్ధమున పరస్పరము శత్రువులై నిలిచిన దేశముల వైద్యులు అచ్చట నొక్క కప్పు క్రింద గూర్చుండి రోగమునకు దేశభేదము లేదని యంగీకరించిరి. ఆ సభయందు అమెరికా శస్త్రవైద్యుడు హార్వే కుషింగుగారు తాము పరీక్షించి నిశ్చయించిన రెండువేల మెదడుకంతుల వృత్తాంతమును విన్నవించిరి. ఇందు వింత యేమనగా, ఆయన తాము బ్రదికించినవారి లెక్కతో తృప్తిపడలేదు. ఏ విధమగు కంతికి శస్త్రచికిత్స చేయగా నూటికెందఱు మరణించిరో విభజించి, ఆ లెక్కను దేశదేశముల పండితులయెదుట నుంచిరి. ఆ విషయమే మఱుసటి సంవత్సరమున గ్రంథముగా వెలువడెను. తన చేతిలో జరిగిన మరణములను తానే లెక్కించి నిండుసభలో చెప్పుట సామాన్యమగు ధైర్యము గాదు. ఆ లెక్క యున్నందుననే తరువాతివారు ఎచ్చట తగ్గవలయునో ఎచ్చట సాహసింపవలయునో తెలిసికొనిరి.

రెండవ మహాసభ 1935వ సంవత్సరమున లండనునందు జరిగెను. అందు అపస్మారమును గూర్చి విశేషమగు చర్చ జరిగెను. మనయిండ్లలో మూర్ఛ యనియు, ఫిట్సు అనియు, పల్లెలలో కాకిసోమాల యనియు బిలుచునది యిదియే. జర్మనీదేశమున హాన్సు బెర్గరుగారు పుఱ్ఱెపై పలుకల నంటించి మెదడులోని విద్యుత్తరంగములను కాగితముపై వ్రాయించి, 1929లో ఆ విషయమును ప్రకటించిరి. పలువురు నమ్మలేదు. 1934లో ఇంగ్లండునందు ఏడ్రియనుగారును మాథ్యూసుగారును తాము స్వయముగా పరీక్షించి అది నిజమేయనిరి. 1935లో అమెరికా పండితులు చిన్నబిడ్డలకు క్షణకాలము స్మృతి తప్పు మూర్ఛయందు సెకండునకు మూడేసి చొప్పున ప్రత్యేకమగు తరంగములు లేచుచున్నవని చూపిరి. వేలయేండ్లనుండి గాలియనియు, గ్రహమనియు, పూర్వజన్మపాపమనియు లోకము తలచిన వ్యాధి, కాగితముపై గీతగా కన్నులకు గోచరించెను. దయ్యము గీత గీయదు గదా! 1909లో స్థాపింపబడి మహాయుద్ధమువలన మూలబడిన అపస్మార నివారణ అంతర్జాతీయ సంఘము, ఈ లండనుసభ సందర్భముననే పునరుద్ధరింపబడెను.

అయితే, ఆ సభయందే మఱియొక విషయమును జరిగెను. ఫుల్టను, జేకబ్‌సను అను అమెరికా శాస్త్రజ్ఞులు చింపాంజీల మెదడు ముందరిభాగమును తొలగింపగా కలిగిన మార్పులను విన్నవించిరి. కోపస్వభావము గల యొక చింపాంజీ శాంతించెననిరి. లిస్బను వైద్యుడగు ఎగాస్ మోనిజ్‌గారు, నెత్తురునాళములను ఎక్సురే పటమున చూపు విద్యను 1927లో కనిపెట్టిన ఘనులు, ఆ సభకు వచ్చియుండిరి. ఆ తలంపు ఆయనకు అచ్చటనే కలిగెనో, మునుపే యుండెనో వాదము కలదు. ఆ నవంబరునెలలోనే ఆయన మనోవ్యాధిగ్రస్తుల మెదడుతంతువులను త్రెంపించు శస్త్రచికిత్సను ప్రారంభించిరి. మఱుసటి సంవత్సరమున ఇరువదిమంది రోగుల వృత్తాంతమును ప్రకటించిరి. రోగులను దీర్ఘకాలము కనిపెట్టి చూచు ఓపిక ఎవ్వరికిని లేకపోయెను. ఆ చికిత్స దేశములన్నిట వ్యాపించెను. వేలకొలది జనులు తమ వ్యక్తిత్వమునే కోల్పోయిరి. 1949లో మోనిజ్‌గారికి నోబెల్ బహుమానము సైతము లభించెను. 1952 తరువాత మనోవ్యాధులకు మందులు వచ్చినపిదప గాని ఆ వెఱ్ఱి తగ్గలేదు.

సభాసదులారా! ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. బెర్నుసభలో ఒకరు తమ మరణముల లెక్కను దాచక చెప్పిరి. దానివలన శాస్త్రము బాగుపడెను. లిస్బనునందు మేలు తొందరగా చాటబడెను, కీడు లెక్కింపబడలేదు. దానివలన నిర్భాగ్యులు చెడిరి. సభకు బలము చప్పట్లు గావు, బిరుదములు గావు. దాచక చెప్పుటయు, చెప్పినవానిని శిక్షింపక వినుటయు – ఈ రెండే సభకు బలము.

తరువాతి చరిత్రను సంగ్రహముగా మనవిచేసెదను. మూడవసభ 1939 ఆగస్టు 21 మొదలు 25 వఱకు కోపెన్‌హాగనునందు జరిగెను. అది ముగిసిన వారము దినములకే రెండవ మహాయుద్ధము మొదలయ్యెను. నాలుగవసభ పదియేండ్లకు, 1949లో పారిసునందు జరిగెను. 1957 జూలై 22వ తేదీన బ్రస్సెల్సునందు ప్రపంచ నాడీవైద్య సమాఖ్య పుట్టెను. మనదేశమునందు 1949లో వేలూరున జేకబ్ చాండీగారును, 1950లో మద్రాసున బి. రామమూర్తిగారును మెదడు శస్త్రవైద్యమునకు పునాదులు వేసిరి. 1951లో భారత నాడీవైద్యసంఘము స్థాపింపబడెను. మన నెల్లూరుజిల్లా నీటిలోని ఫ్లోరైడువలన ఎముకలు బిగిసి వెన్నుపాము నొక్కబడి జనులు కాళ్లుచేతులు పడిపోవుచున్నారన్న సంగతిని 1937లోనే వైద్యులు పత్రికలలో ప్రకటించిరి. 1989లో ప్రపంచ మహాసభ న్యూఢిల్లీలో జరిగెను.

ఆ ఢిల్లీసభకు నేను శ్రోతగా పోయితిని. అపస్మారమును గూర్చిన ప్రసంగమొకటి జరుగుచుండగా వెనుకవరుసలో గూర్చుండి నేను కన్నీరు పెట్టుకొంటిని. కారణమును ఇంతవఱకు ఏ సభలోను చెప్పియుండలేదు, నేడు చెప్పెదను.

మా మేనత్తకు పదునాలుగవయేట మూర్ఛరోగము మొదలయ్యెను. మా తాతగారు దానిని దాచి వివాహము చేసిరి. ఆఱునెలలలో అత్తవారు తెలిసికొని, ఎడ్లబండిలో పుట్టినింటికి పంపివైచిరి. నాటినుండి ఆమె మా పెరటిగదిలో నుండెను. బంధువులు వచ్చినపుడు ఆ గదికి గడియ వేసి, "అమ్మాయి వ్రతములో నున్నది" అని మా నాయనమ్మ చెప్పుచుండెను. మూర్ఛ వచ్చినపుడు తాళపుచెవుల గుత్తి చేతిలో నుంచుచుండిరి. భూతవైద్యుని పిలిచి వేపమండలతో కొట్టించిరి. 1961వ సంవత్సరమున సంక్రాంతి పండుగ వంటలకు మనుష్యులు చాలక ఆమెను పొయ్యియొద్ద గూర్చుండబెట్టిరి. మూర్ఛ వచ్చి మంటలో పడెను. మూడవనాడు మరణించెను. నాకప్పుడు ఎనిమిదేండ్లు. నాకు చందమామను చూపి అన్నము పెట్టిన చేయి అది.

ఢిల్లీలో నేను వేసికొన్న లెక్క యిది. మూర్ఛను నిలుపు ఫినోబార్బిటాలు మందు 1912నుండి కలదు. ఫెనిటాయిను 1938నుండి కలదు. అనగా మా మేనత్త మరణించునాటికి మొదటి మందు పుట్టి నలువదితొమ్మిదేండ్లు గడచినవి. ఆమెను చంపినది రోగము గాదు, గడియ. మా తాతగారు దుర్మార్గులు గారు. నిజము చెప్పినచో చెల్లెండ్రకు సంబంధములు రావని వారు భయపడిరి. ఆ భయము మనకులమువారు పెట్టినదే.

ప్రపంచమున సుమారు అయిదుకోట్లమందికి అపస్మారము కలదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. సరిగా నిర్ణయించి చికిత్స చేసినచో నూటికి డెబ్బదిమంది వఱకు మూర్ఛలు లేక బ్రదుకవచ్చునట. ఇది అంటురోగము గాదు. అపస్మారము గల తల్లికి బుట్టిన బిడ్డలలో అత్యధికులకు ఆ వ్యాధి రాదు. చక్కగా కడుగని పచ్చికూరలతో కడుపుజేరిన బద్దెపురుగు గ్రుడ్లవలన సైతము మూర్ఛలు కలుగును గనుక, మాంసము ముట్టనివారును శుచి పాటింపవలయును. మూర్ఛ వచ్చినవానిని ప్రక్కకు ఒత్తిగిల్లజేసి, తలక్రింద మెత్తని గుడ్డ నుంచుడు. నోటిలో చెంచా గాని, నీరు గాని పెట్టకుడు. అయిదు నిమిషములు దాటినచో ఆసుపత్రికి కొనిపొండు. మందును వైద్యుడు చెప్పక మానరాదు. వాల్‌ప్రోయేటు వంటి కొన్ని మందులు గర్భస్థశిశువునకు హాని చేయును గనుక, వివాహము గానున్న కన్యలు ముందుగనే వైద్యునితో ఆలోచింపవలయును.

ఇక మన కర్తవ్యమునకు వచ్చెదను. మన సంఘము నడుపు వధూవరుల పరిచయ పట్టికయందు, గోత్రము, చదువు, ఆస్తి తరువాత, "మూర్ఛాది రోగములు కలవా?" అను గడి యొకటి కలదు. నేనెఱిగినంతలో ఆ గడియందు "కలదు" అని వ్రాసినవా రొక్కరును లేరు. అనగా ఆ గడి సత్యమును తెచ్చుట లేదు, అసత్యమును వ్రాయించుచున్నది. 1955నాటి హిందూవివాహచట్టమునకు 1976లో చేసిన సవరణము అపస్మారము గలవారిని వివాహమునకు అనర్హులనుగా నెంచెను. 1999లో ఆ మాటను చట్టమునుండి తొలగించిరి. రాజ్యము కొట్టివేసిన మాటను మన పట్టిక యింకను మోయుచున్నది.

"అట్లయిన దాచి పెండ్లి చేయుమందువా?" అని పెద్దలు నన్నడుగవచ్చును. అట్లు చెప్పను, దాచి చేసిన పెండ్లి ఫలమును మాయింట చూచితిని. రెండు కుటుంబములు ఎదురెదురుగా గూర్చుండి, వైద్యుని యుత్తరముతో, ఉన్నది ఉన్నట్లు చెప్పుకొనవలయును. అచ్చువేసి ఊరూర పంచు పట్టికలోని గడి వేఱు, నమ్మి చెప్పుకొన్న మాట వేఱు. మొదటిది శిక్ష; రెండవది సత్యము. శిక్ష యున్నచోట సత్యము నోరు విప్పదు.

కావున మూడు తీర్మానములను మీ సన్నిధిని బెట్టుచున్నాను. మొదటిది, ఆ గడిని రాబోవు పట్టికనుండి తొలగించుట. రెండవది, విద్యానిధితోపాటు చిన్న ఔషధనిధి నొకదానిని నెలకొల్పి, నెలనెల మందులు కొనలేక మధ్యలో మానుచున్న మన పేదకుటుంబములకు సాయపడుట. మూడవది పక్షవాతమును గూర్చినది. మెదడునెత్తురునాళము మూసికొనుటవలన వచ్చిన పక్షవాతమున, గడ్డను కరిగించు మందు మొదట మూడు గంటలలోపల మేలు చేయునని 1995లోను, తగినవారికి నాలుగున్నర గంటలవఱకు నియ్యవచ్చునని 2008లోను ఋజువయ్యెను; పెద్దనాళములయందలి గడ్డను తీగతో లాగివేయు చికిత్స 2015లో స్థిరపడెను. మూతి వంకరపోయినను, చేయి వాలినను, మాట తడబడినను పావురపునెత్తురు పూయుచు గూర్చుండక వెంటనే బయలుదేరవలయును. ఆ మందు రాత్రింబవళ్లు దొరకు ఆసుపత్రి ఏ యూరికేది దగ్గఱయో విచారించి, మన కల్యాణమండపముల గోడలపై పెద్దయక్షరములతో వ్రాయింపవలయును. దాతల పేర్లు వ్రాయు గోడలపై దీనికిని చోటుండును గాక!

మహాజనులారా! బెర్నునందు ఆ శస్త్రవైద్యుడు తన చేతిలో చనిపోయినవారి లెక్కను సభలో చెప్పెను. విన్నవారు ఆయనను వెలివేయలేదు. మన సభయు నట్టిదగుగాక! మీ యిండ్లలో గడియ వేసిన గదులున్నచో, తెఱువుడు. మొదటి గదిని నేను మీయెదుట నేడు తెఱచితిని.