తనవారికి ఎదురు చెప్పిన సాక్ష్యము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయోత్సవమున చలనచిత్రమును గూర్చి ప్రసంగమేమి యని కొందరికి తోచవచ్చును. నేను చెప్పబోవునది పుస్తకమునుండి పుట్టిన చిత్రము. ఇ. ఎం. ఫార్‌స్టర్ అను ఆంగ్ల రచయిత 1924లో ప్రకటించిన 'ఎ పాసేజ్ టు ఇండియా' అను నవలను డేవిడ్ లీన్ అను దర్శకుడు 1984లో చిత్రముగా తీసెను. మన రాష్ట్రమున కరణముల ఉద్యోగములు రద్దయినదియు ఆ సంవత్సరముననే. ఈ రెంటికిని సంబంధమేమియు లేదు; లెక్కలు వ్రాయువాడను గనుక రెండును నాకొక్క పుటలోనే జ్ఞాపకముండును.

నవలను ఫార్‌స్టర్ తన మిత్రుడైన సయ్యద్ రాస్ మసూద్‌గారికి అంకితమిచ్చెను. ఇంగ్లండున మసూద్‌గారికి లాటిను భాష నేర్పినవాడు ఫార్‌స్టరే. ఈ మసూద్‌గారే తరువాత హైదరాబాదు సంస్థానమున విద్యాశాఖ డైరెక్టరై, ఉస్మానియా విశ్వవిద్యాలయ స్థాపనకు పాటుపడిరి. కావున ఆ గ్రంథము తెలుగుదేశమునకు బొత్తిగా పరాయిది కాదు.

చిత్రము మనకు మరింత దగ్గర. హిందూపురమున రైలెక్కి బెంగుళూరు చేరి, అచ్చటినుండి మైసూరు దారిని పోయినచో రామనగరము వచ్చును. ఆ ప్రాంతముననే సావనదుర్గము, రామదేవరబెట్ట అను కొండలున్నవి. నవలలో మారబార్ గుహలని యొక చోటు కలదు. గయకు సమీపముననున్న బరాబర్ గుహలు దానికి మూలము. లీన్ వానిని పోయి చూచి, తన చిత్రమునకు చాలవనుకొని, ఈ కొండలను ఎన్నుకొనెను. గుహలకు ద్వారములు కావలసివచ్చి రాతిలో తొలిపించెను! పెనుకొండ దుర్గమును నిత్యము చూచు మన కన్నులకు తెరమీది ఆ బండలు చుట్టములవలె కనబడును. దొరగారు కొండలకు చేసిన న్యాయము మనుష్యులకు అంతగా చేయలేదని నా అభిప్రాయము. గాడ్‌బోలే అను బ్రాహ్మణ ఆచార్యుని పాత్రకు అలెక్ గిన్నిస్ అను ఆంగ్లనటుని తెచ్చి రంగు పూసిరి. మన దేశమున ఆ వేషమునకు తగినవారు కరవా?

కథ సంగ్రహముగా ఇది. చంద్రాపూరు అను కల్పిత పట్టణమున అజీజ్ అను వైద్యుడు కలడు. ఆ ఊరి మేజిస్ట్రేటు రానీ. అతనిని వివాహమాడు తలంపుతో అడెలా అను ఆంగ్లకన్య, అతని తల్లి మిసెస్ మూర్‌తో కలిసి ఇంగ్లండునుండి వచ్చును. వారిరువురిని అజీజ్ తన ఖర్చుతో గుహలు చూపుటకు తీసికొనిపోవును. అచ్చట ఏదో జరుగును, లేక ఏమియు జరుగదు. అడెలా గుహనుండి వెలుపలికి పరుగెత్తివచ్చి, అజీజ్ తనను అవమానింపబోయెనని నేరము మోపును. అజీజ్‌ను ఖైదు చేయుదురు. ఆ నిముషమునుండి ఊరిలోని తెల్లవారందరు ఒక్కటగుదురు. కళాశాల ప్రధానోపాధ్యాయుడైన ఫీల్డింగ్ మాత్రము అజీజ్ నిర్దోషి యని చెప్పి వారి క్లబ్బును విడిచిపోవును. మిసెస్ మూర్‌కును అజీజ్ తప్పుచేయలేదని తెలియును. ఆమెను కుమారుడు ఓడ ఎక్కించి పంపివేయగా, ఆమె సముద్రముమీదనే మరణించును.

ఈ కథయందలి క్రౌర్యము కొరడాలతోను తుపాకులతోను వచ్చునది కాదు. అది వరండాలలో, క్లబ్బులలో, ఆసుపత్రిలో మాటలాడును. నవలలో కాలెండర్ అను సివిల్ సర్జన్ కలడు. గాయపడి తన ఆసుపత్రిలో చేరిన నవాబుగారి మనుమని ముఖమున మిరియపుపొడి చల్లితినని అతడు గొప్పగా చెప్పుకొనును. గుహలవరకు ఈ దేశీయులు చేతులతో మోకాళ్ళతో ప్రాకవలెనని కలెక్టరుగారి భార్య అనును. ఇది రచయిత కల్పనామాత్రము కాదు. 1919 ఏప్రిల్ 13వ తేదీన జలియన్‌వాలాబాగులో జనరల్ డయ్యర్ కాల్పులు జరిపించెను. అధికారుల లెక్క ప్రకారము చనిపోయినవారు 379 మంది. అటువంటి లెక్కలు తగ్గునేగాని హెచ్చవని మా వృత్తివారికి తెలియును. తరువాత అదే అమృతసరమున, ఒక మిషనరీ స్త్రీని కొట్టిన సందులో పోవు భారతీయులు కడుపుమీద ప్రాకవలెనని ఆ డయ్యరే ఉత్తరువిచ్చెను. అయిదేండ్లకు వెలువడిన నవలలో ఆ దొరసాని మాట ఎచ్చటినుండి వచ్చినదో పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక విచారణ ఘట్టము. చూచువారందరు అడెలానే చూచెదరు. నా చూపు మొదట న్యాయపీఠముమీద కూర్చున్న దాస్ అను చిన్న ఉద్యోగిపై నిలిచినది. ఆ ఊరి మేజిస్ట్రేటు రానీయే గదా! ఫిర్యాదిని అతడు వివాహమాడనున్నాడు గనుక, అతని క్రింది ఉద్యోగియైన దాస్ విచారణ చేయవలసివచ్చెను. దాస్ మనవాడు. శిక్షించుటకంటె విడుదల చేయుటకే అతడు ఎక్కువ భయపడునని తెల్లవారి లెక్క. విడిచిపెట్టినచో ఉద్యోగము పోవును గదా! చిన్న ఉద్యోగము చేసినవారికి ఈ లెక్క ఎంత నిజమో తెలియును. అట్టి దాస్, నవలలో, తన వేదికపైకెక్కి కుర్చీలు వేసికొన్న తెల్లవారిని దిగిపొండని ఆజ్ఞాపించును. గొంతు వణకియే యుండవచ్చును. అయినను వారు దిగిరి.

తరువాత అడెలా సాక్ష్యము చెప్పుటకు వచ్చును. పోలీసు సూపరింటెండెంటు ప్రశ్న వెనుక ప్రశ్న వేయుచుండగా, ఆమె మనస్సు మరల గుహలకు పోవును. ముద్దాయి మీ వెనుక గుహలోనికి వచ్చెనా యనిన ప్రశ్నకు ఆమె వెంటనే ఉత్తరమీయలేక, చివరకు, రాలేదని చెప్పును. కోర్టు అల్లకల్లోలమగును. ఆమె ఆరోగ్యము బాగుగా లేదని వైద్యుడు అడ్డుపడబోవును. నేరారోపణను ఉపసంహరించుకొందురా యని అప్పుడు దాస్ ఆమెను అడుగును. ఉపసంహరించుకొందునని ఆమె చెప్పును. అజీజ్ విడుదల యగును. ఈ ఘట్టమున నాకు ముఖ్యముగా తోచినది దాస్ అడిగిన ఆ ప్రశ్న. అడుగువాడు లేనిచో ఆమె పలికినది కలవరపాటుగా కొట్టివేయబడెడిది. వ్రాతలోనికి ఎక్కిన మాట వేరు, గాలిలో పోయిన మాట వేరు.

భారతము చదివినవారికి ఇచ్చట సభాపర్వము జ్ఞప్తికి రాకమానదు. ద్రౌపది ప్రశ్నకు భీష్మాదులు సమాధానము తేల్చలేక పోయినప్పుడు, లేచి మాటలాడినవాడు దుర్యోధనుని తమ్ముడే యైన వికర్ణుడు. బాలుడవు, నీకేమి తెలియునని కర్ణుడు అతనిని కసరెను. ఆ సభయందే విదురుడు ప్రహ్లాదుని కథ చెప్పెను. తన కుమారుడు విరోచనుడును, అంగిరసుని కుమారుడు సుధన్వుడును, మాలో ఎవరు అధికులని ప్రాణములు పణమొడ్డి వచ్చి అడుగగా, ప్రహ్లాదుడు కశ్యపుని అడిగి ధర్మము తెలిసికొని, సుధన్వుడే అధికుడని కుమారునికి ప్రతికూలముగా తీర్పు చెప్పెను. ఎదిరి తప్పును చెప్పుట కష్టమా? మన అరుగుమీద కూర్చున్న ప్రతివాడును చెప్పును. వికర్ణుడును ప్రహ్లాదుడును తమ ఇంటివారికి వ్యతిరేకముగా చెప్పిరి. అందుచేతనే వారి మాటకు అంత బరువు.

ఆ మాటకు వెల కూడ కలదు. వికర్ణుడు ధర్మము పలికియు యుద్ధమున అన్నల పక్షముననే నిలిచి భీముని చేత మరణించెను. అడెలాను తనవారందరు వదలివేసిరి, వివాహము తప్పిపోయెను. మనవారు అజీజ్‌ను ఊరేగించుచుండగా ఆమె వీధిలో ఒంటరిగా నిలువబడెను. ఆశ్రయమిచ్చినవాడు ఫీల్డింగ్ ఒక్కడే. అజీజ్ ఆమెనుండి నష్టపరిహారము కోరెను. నవలలో అది ఇరువదివేల రూపాయలు. ఆ మొత్తము కట్టినచో ఆమె జీవితము నాశనమగునని ఫీల్డింగ్ బతిమాలెను. చచ్చిపోయిన మిసెస్ మూర్ పేరు చెప్పగా అజీజ్ దానిని వదలుకొనెను. చిత్రము చివర వాన కురియుచున్న ఇంగ్లండున అడెలా అతని జాబు చదువుకొనును, కథ చల్లగా ముగియును. నవల అట్లు ముగియదు. అజీజ్, ఫీల్డింగ్ గుఱ్ఱములపై పోవుచు, స్నేహితులము కావలెనని యిరువురు కోరినను, ఇప్పుడు కాదని విడిపోవుదురు. నాకు నవల ముగింపే సత్యమనిపించును. పాలకుడు పాలకుడుగా నున్నంతకాలము ఒక జాబుతో లెక్క చెల్లిపోదు.

కల్పనను ఇంతటితో నిలిపి, మన రైలుమార్గముననే జరిగిన యథార్థమునకు వత్తును. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము, అనంతపురము దాటిన మన రైలు గుంతకల్లు చేరును. 1893 అక్టోబరు 4వ తేదీన ఆ గుంతకల్లు సమీపమున ఇంగ్లీషు సోల్జర్లు కొందరు ఇద్దరు స్త్రీలను వెంటబడిరి. ఆ స్త్రీలు రైల్వేగేటు కావలివాడైన హంపన్న గదిలో తలదాచుకొనిరి. హంపన్న వారిని లోపల నుంచి తాను అడ్డునిలిచెను. తుపాకిగుండు తగిలి ప్రాణము విడిచెను. గుత్తిలో ప్లీడరుగా నుండిన పట్టు కేశవపిళ్ళెగారు ఈ సంగతిని పట్టుకొని లోకమునకు తెలియునట్లు పాటుపడిరి. 1885లో బొంబాయి తొలి కాంగ్రెసు సభకు పోయినవారిలో వారొకరు. మదరాసు హైకోర్టున విచారణ జరిగెను, జ్యూరీ సోల్జరును నిర్దోషి యనెను. ఇల్బర్టు బిల్లు గందరగోళము తరువాత 1884లో వచ్చిన చట్టమును మీరెరుగుదురు. ఐరోపావాడు ముద్దాయి యైనచో, జ్యూరీలో సగముకు తక్కువ కాకుండ ఐరోపావారో అమెరికావారో ఉండవలెనని కోరుకొను హక్కు అప్పుడు అతనికి ఉండెను. అజీజ్‌కు అట్టి హక్కేది? తరువాత హంపన్నకు చందాలతో స్మారకశిల నిలిపిరి. నవలలో తెల్లవారు నేరము మోపిన నల్లవాడు విడుదలయ్యెను, గుంతకల్లు కథలో తెల్లవాడు విడుదలయ్యెను. హంపన్నది గేటు తెరచుట, మూయుట అను కొలువు. ఆ దినమున మూసిన తలుపు మాత్రము అతని కొలువు పత్రములో వ్రాసినది కాదు.

ఇంతవరకు మనకు సుఖముగానే యున్నది, తప్పంతయు వారిది గదా! కాని ప్రహ్లాదుని పేరు చెప్పి యిచ్చట నిలిచిపోవుట నాకు చెల్లదు. 1854లో మదరాసు ప్రభుత్వము హింసలను గూర్చి విచారించుటకు ఒక కమిషను వేసెను. ఎలియట్, స్టోక్స్, నార్టన్ అను ముగ్గురు సభ్యుల ఆ నివేదిక 1855లో వెలువడెను. శిస్తు బకాయి వసూలుకై రైతుల చేతులను కొయ్యల నడుమ బిగించి నొక్కుట, మెడను పాదములకు వంచి కట్టి ఎండలో ఉంచుట, వీపుమీద రాయి పెట్టుట అందు నమోదైనవి. రాబడి కావలసినది కుంపిణీకి. కొయ్యలు బిగించిన చేతులు మాత్రము మనవారివే. తాలూకా కచేరీ బంట్రోతులు, గ్రామోద్యోగులు ఆ పనిలో నుండిరి. బకాయి అంకె వ్రాసినది మా వంటి లెక్కలవారి కలము. హంపన్నను తలచుకొని గర్వపడునప్పుడు నేను ఈ పుటను కూడ తెరచి చూడవలసియున్నది. తెల్లదొర ఆజ్ఞ యని తప్పించుకొన్నచో, అడెలా కూడ నావారందరు చెప్పమనిరి అని తప్పించుకొని యుండెడిది.

కార్యవర్గమువారికి నాదొక మనవి. ఫార్‌స్టర్ నవల మన బీరువాలో చేరవలెను. హంపన్నను గూర్చియు, కేశవపిళ్ళెగారిని గూర్చియు దొరకు వ్రాతలను సేకరించి ఒక సంపుటముగా కుట్టించవలెను. ఆ 1855 నాటి నివేదిక ప్రతిని సంపాదించి, ఈ రెంటి ప్రక్కనే ఉంచవలెను. ఇంగ్లీషు రానివారికొరకు, పక్షమునకొక సాయంకాలము నేను చదివి తెలుగున అర్థము చెప్పెదను. లాంతరు వెలుతురు చాలును, వినువారు పదిమంది వచ్చినను చాలును.