తల్లి పెంచిన బిడ్డ ఏ కులం?
(ఎర్రగడ్డ బస్తీ సభలో చెప్పిన మాటలు)



ఇళ్లల్ల పాచిపని చేసి, మిషన్ కుట్టి, ఒంటిచేత్తో పిల్లల్ని సాకుతున్న తల్లుల్ని మనం ఈ గల్లీల్లోనే చూస్తున్నం. మెట్రోల మూడు స్టేషన్లు దాటితే అమీర్‌పేట. అక్కడ కోచింగ్ తీసుకొని ఆఫీసర్లం అవుతమని మన పిల్లలంటరు. కాని ఫారం నింపేకాడ ఒకటే ప్రశ్న: తండ్రి కులమేంది? సాకిందెవరని అడిగేటోడు లేడు. సీటు, స్కాలర్‌షిప్ ఆ ఒక్క జవాబు మీదనే ఉన్నయి.

గుంటూరులో రాధిక అట్లనే భర్తకు దూరమై, కుట్టుపనితో ముగ్గుర్ని పెంచింది. తను మాలనని చెప్పుకున్నది, భర్త వడ్డెర. కొడుకు వేముల రోహిత్ సైన్సు రచయిత కావాలనుకున్నడు. సెంట్రల్ యూనివర్సిటీ హాస్టల్ నుంచి వెళ్లగొట్టినంక, 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నడు. కేంద్రం వేసిన కమిషన్ ఏం చేసింది? తల్లి కులాన్నే శంకించింది!

2012లో రమేశ్‌భాయ్ నాయకా కేసుల సుప్రీంకోర్టు వేరే మాట చెప్పింది. కులాంతర పెళ్లిల బిడ్డది తండ్రి కులమని మొదట అనుకున్నా, అదే ఆఖరు కాదు. ఎస్సీ, ఎస్టీ తల్లి పెంపకంల, ఆ జనం నడుమ, అవే అవమానాలు పడి పెరిగినట్టు రుజువు చూపొచ్చు.

రుజువంటే? తల్లి కుల సర్టిఫికెట్, బడి రిజిస్టరు, వాడకట్టోళ్ల సాక్ష్యం. ఇంటర్ అయినంక వెతుకులాడితే ఎట్ల? బడిల వేసిన నాడే కులం గడిల ఏం రాసిన్రో చూసుకోండ్రి. తహసీల్ ఆఫీసుల కాదంటే, ఆ కాదన్నదే కాగితం మీద రాసిమ్మని అడగుండ్రి. అప్పీలుకు అది కావాలె.