ప్రాయము మళ్లిన ముష్టియోధుడు

ముష్టియుద్ధము చేయువానికి వయస్సుతో మొదట తగ్గునవి కాళ్లు. దెబ్బలోని బలము మాత్రము చాలకాలము నిలుచును. అందుచేతనే 175 పౌన్ల లైట్ హెవీవెయిట్ తరగతిలో పేరు గడించి, ముప్పదియైదేండ్లకు చేరువైన యోధునకు హెవీవెయిట్ తరగతి ఆశ గొల్పుచుండును. అచ్చట ధనము మెండు. ప్రత్యర్థులు మెల్లగా కదలుదురు. పరిమితికి దిగుటకై పస్తులుండ నక్కరలేదు. వయస్సు మళ్లిన దేహమును ఎండగట్టుట ఎంతటి పనియో ఏకాదశి ఉపవాసములుండు పెద్దల నడిగిన చెప్పుదురు.

ఆర్చీ మూర్ 1913లో పుట్టెనో, 1916లో పుట్టెనో నేటికిని తేలలేదు. ఏమైనను 1955 సెప్టెంబరు 21న న్యూయార్కు యాంకీ స్టేడియములో రాకీ మార్సియానో నెదిరించునాటికి అతడు నలువదికి అటునిటుగా నుండెను. రెండవ రౌండులో మార్సియానోను నేల గూల్చెను. అంతటి మార్సియానోను! కాని అతడు వెంటనే లేచెను. తొమ్మిదవ రౌండులో మూర్ పడి, పది లెక్కించు లోపల లేవలేకపోయెను. మరుసటి యేడు ఇరువదియొక్క యేండ్ల ఫ్లాయిడ్ ప్యాటర్సన్ అతనిని ఐదవ రౌండులోనే ఓడించెను. అయినను మూర్ చెడలేదు. తన తరగతికి మరలి వచ్చి, 1958లో మాంట్రియల్ నగరమున యవాన్ డ్యురెల్ చేత నాలుగుసార్లు నేల గరచియు, పదునొకండవ రౌండులో గెలిచెను. అతడు మొదటినుండియు హెవీవెయిట్లతో తలపడుచు, మరల దిగివచ్చుట కలవాటుపడినవాడు. అదిగాక మార్సియానోయు ఇంచుమించు 188 పౌన్లే తూగెను, మూర్ వలెనే.

రాయ్ జోన్స్ సంగతి వేరు. 2003 మార్చి 1న, ముప్పదినాలుగవ యేట, 193 పౌన్లతో నిలిచి 226 పౌన్ల జాన్ రూయిజ్‌ను పాయింట్లమీద జయించెను. అతని కాళ్లప్పటికింకను చెడలేదు. కాని ఆ బరువున నిలువక, కూడబెట్టిన కండను కరగించుకొని నవంబరులో 175 పౌన్లకు దిగెను. ఆంటోనియో టార్వర్‌పై అతికష్టముమీద నెగ్గెను. 2004 మే నెలలో ఆ టార్వరే అతనిని రెండవ రౌండులో పడగొట్టెను.

కనుక ఎక్కుటకంటె దిగుటయే ముదుసలి దేహమునకు కీడని నా తలంపు. నేడు 200 పౌన్ల క్రూజర్‌వెయిట్ తరగతి నడుమ నున్నది. మొదట అచ్చట నిలిచి చూచుకొనుట మేలు. అలెగ్జాండర్ ఉసిక్ అట్లే అచ్చటినుండి 2019లో పైకి వచ్చెను. మరల క్రిందికి దిగలేదు. 2024 మే నెలలో, ముప్పదియేడవ యేట, తనకంటె ఎంతో బరువైన టైసన్ ఫ్యూరీని గెలిచెను.