తుపాకి దించినంక ఆమె ఎటు పోయింది?

(విద్యార్థులు, మహిళా ఉద్యోగులు కలిసి పెట్టుకున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)



'యుద్ధకాలంలో స్త్రీ, సాహిత్యంలో స్త్రీ' అని నాకు అంశం ఇచ్చిండ్రు. రష్యా గురించి, వియత్నాం గురించి మనం గంటలు గంటలు మాట్లాడగలం. నేను మన ఇంటి ముంగటి యుద్ధం గురించే మాట్లాడుత. 1946ల మొదలై 1951 అక్టోబరుల విరమించిన తెలంగాణ సాయుధ పోరాటం. తుపాకులు పట్టుకొని నిలబడ్డ ముగ్గురు ఆడవాళ్ల ఫోటో మీరందరు చూసే ఉంటరు. మన పుస్తకాల అట్టల మీద, సభల ఫ్లెక్సీల మీద అదే ఉంటది. ఆ ఫోటో అంటే నాకు గౌరవమే. అయితే దాన్ని చూసి చూసి మనం ఒక మాట మరిచిపోయినం. తుపాకి పట్టినామె మాత్రమే పోరాడినట్టు, మిగిలినోళ్లు అన్నం వండిపెట్టినట్టు లెక్క గట్టుకున్నం.

అన్నం వండుడే ఆ రోజుల యుద్ధం. దళం వచ్చిందని తెలిస్తే ఇల్లు కాలబెట్టిన కాలమది. అర్ధరాత్రి పదిమందికి వండితే పొయ్యి పొగ కనబడుతది, ఎసరు వాసన వస్తది, పొద్దున పోలీసులు వచ్చి బియ్యం ఎటుపోయినయని అడుగుతరు. ఆ జవాబు చెప్పేది ఇంట్ల ఉన్న ఆడమనిషే. పట్నాల్లో రహస్య స్థావరాలను డెన్ అనేటోళ్లు. అక్కడ కొత్తగ కాపురం పెట్టిన సంసారం లెక్క కనబడాలంటే ఆడమనిషి ఉండాలె. ఇరుగుపొరుగుతో మాట్లాడాలె, కాని ఎక్కువ మాట్లాడొద్దు. చీటీ మోసుకపోయినోళ్లు, ఊరి మీద పడ్డ రజాకార్లను కారంపొడితోటి, రోకలిబండలతోటి ఎదుర్కొన్నోళ్లు, వడిసెలకు రాళ్లు కుప్పబోసినోళ్లు, వీళ్లందరి చేతుల ఉన్నయి ఇంటి సామాన్లే. పని మారలేదు, ఆ పనికి అర్థం మారింది.

పాలకుర్తి ఐలమ్మ సంగతి తీసుకోండి. చాకలి కులంల పుట్టిన మనిషి, దొరల ఇండ్లల్ల వెట్టి చేయాల్సిన కుటుంబం. నాలుగెకరాలు సాగు చేసుకుంటుంటే విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి కన్ను పడ్డది. ఇక్కడ రెండు సంగతులు గమనించాలె. ఒకటి, ఆమె సంఘంల చేరింది. అప్పటికి సంఘంల చేరుడంటే దొర గడికి ఎదురుంగ జెండా పాతినట్టే. రెండోది, భూమి వదిలిపెట్టనన్నది. దొర మనుషులు పంట కోయనీకి వస్తే సంఘం కార్యకర్తలు తరిమికొట్టి, ధాన్యం ఆమె ఇంటికి చేర్చిండ్రు. మనం దీన్ని సంఘం ఆమెను కాపాడిన కథ లెక్క చెప్తం. నన్నడిగితే ఆమె సంఘాన్ని నిలబెట్టిన కథ అంట. ఆ పంట దొర ఇంటికి పోయి ఉంటే చుట్టుపక్కల ఊర్లల్ల సంఘం మాట ఎవ్వరు నమ్ముతుండె?

ఐలమ్మ తన కథను తానే చెప్పుకున్నది. స్త్రీ శక్తి సంఘటన వాళ్లు ఊరూరు తిరిగి, పోరాటంల పాల్గొన్న ఆడవాళ్ల నోటి మాటలు రికార్డు చేసి, 1986ల 'మనకు తెలియని మన చరిత్ర' అని పుస్తకం తెచ్చిండ్రు. ఐలమ్మ 1985 సెప్టెంబరులనే కన్నుమూసింది. ఇంకొక ఏడాది ఆలస్యమైతే ఆ గొంతు మనకు దొరకకపోవు. పోరాటం ఆగి ముప్పై ఏండ్లు దాటినంక గాని ఎవరికీ వీళ్లను అడగాలని తోచలేదు. పుచ్చలపల్లి సుందరయ్య రాసిన పెద్ద చరిత్రల ఆడవాళ్ల మీద అధ్యాయం ఉన్నది, అది గొప్పే. కాని అది ఆమె గురించి చెప్పిన మాట. ఆమె చెప్పిన మాట ఈ పుస్తకంల ఉన్నది. ఖిలాషాపురం దూదాల సాలమ్మ మాట్లాడుతుంటే మన అవ్వ అరుగు మీద కూసొని మాట్లాడినట్టే ఉంటది.

ఆ మాటల్ల వీరత్వం ఉన్నది, దాని పక్కనే పెద్ద నొప్పి ఉన్నది. అడివిల దళంతోటి తిరుగుతు పసిబిడ్డను వేరేవాళ్ల చేతుల పెట్టి పోవాల్సి వచ్చిన తల్లి ఉన్నది. దళంల ఆడమనిషి ఉంటే మొగోళ్ల క్రమశిక్షణ చెడుతదని, ఆమెనే సమస్య లెక్క చూసిన నాయకత్వం ఉన్నది. అన్నిటికన్నా ఎక్కువగ వినబడే మాట విరమణ తర్వాతది. ఇగ ఇంటికి పో, పెండ్లి చేసుకో, సంసారం చూసుకో అన్నరు. ఐదేండ్లు అడివిల నిర్ణయాలు తీసుకున్న మనిషి మళ్ల కొంగు తలమీదికి లాక్కొని నిలబడాలె.

మల్లు స్వరాజ్యం తల మీద పదివేల రూపాయల వెల పెట్టిండ్రు. గోదావరి అడివిల రాజక్క అని పేరు. ఆమె తుంగతుర్తి నుంచి శాసనసభకు గెలిచింది ఎప్పుడు? 1978ల. విరమణకు ఇరవై ఏడేండ్ల తర్వాత. ఆరుట్ల కమలాదేవి వంటోళ్లు 1952లనే ఆలేరు నుంచి సభకు పోయిండ్రు, కాదనను. అటువంటోళ్లు వేళ్ల మీద లెక్కకే వస్తరు. కృష్ణా జిల్లా నుంచి అజ్ఞాతవాసానికి పోయిన కొండపల్లి కోటేశ్వరమ్మను చూడండి. భర్త విడిచిపోయినంక, ముప్పై అయిదేండ్లు దాటిన వయసుల మెట్రిక్ చదివి, కాకినాడల హాస్టల్ మేట్రన్ ఉద్యోగం చేసి బతికింది. ఆమె 'నిర్జన వారధి' వచ్చింది 2012ల, ఆమెకు తొంభై దాటినంక. ఇక్కడున్న ఉద్యోగినులు ఆ పుస్తకంల ఉద్యమం కన్న ముందు ఆ ఉద్యోగం పేజీలు చదవాలె.

ఇగ కథలు, నవలలకు వస్త. మన పోరాట నవలలంటే నాకు ప్రాణం. వట్టికోట ఆళ్వారుస్వామి లేకపోతే మన పల్లె మన పుస్తకంలకు వచ్చేదే కాదు. అయినా పేరు చూడండి, 'ప్రజల మనిషి'. ఆ మనిషి కంఠీరవం. దాశరథి రంగాచార్య 1969ల 'చిల్లర దేవుళ్లు' రాసిండ్రు. దొరసాని పెండ్లికి అరణంగ వచ్చే దాసి, ఆడబాప అంటే ఏందో చదువుకున్నోళ్లకు కండ్లకు కట్టింది ఆ నవలే. వనజ పాత్రను చదివి కంటతడి పెట్టనోళ్లు అరుదు. సరిగ్గ అక్కడనే నా పంచాయితి. వనజను చూసి ఏడ్వనీకి మనకు చాన నవలలున్నయి. ఐలమ్మ లెక్క ఇయ్యను పో అన్న ఆడమనిషి కథానాయికగ ఉన్న నవల కోసం వెతకాల్సి వస్తది. 1979ల తీసిన 'మా భూమి' సినిమా, దానికి మూలమైన కిషన్ చందర్ నవల, రెండిట్ల చంద్రి ఉన్నది. దొర దగ్గరికి పోవాల్సి వచ్చిన లంబాడ పిల్ల. సినిమాల రామయ్య కోపమొచ్చి ఆమెను విడిచి పట్నం పోతడు, కథ కూడా రామయ్య వెంట నడుస్తది. అతని కోపం నుంచి పోరాటం పుట్టింది. చంద్రి కోపం నుంచి ఏం పుట్టిందో నాకు తెలుసుకోవాలని ఉండె.

రచయితలను తప్పు పడుతలేను. అవమానపడ్డ స్త్రీని చూపిస్తే జనం లేస్తరు, అది అప్పటి అక్కర. కాని ఆ అక్కర తీరినంక కూడా మన కథల్ల ఆమె ఏడుస్తనే ఉన్నది, లేకుంటే కొడుకును పోరుకు పంపి బొట్టు పెడుతున్నది. విరమణ తెల్లారి పొద్దున ఆమె లేచి ఏం చేసిందన్న కథ నేను చదివిన వాటిల్ల దొరకలేదు. అత్త ఏమన్నది, ఊరోళ్లు ఏమన్నరు, ఇన్నేండ్లు ఎక్కడ తిరిగొచ్చినవని ఎవరడిగిండ్రు. ఒక నవలకు ఇంతకన్న ఏం కావాలె?

పాత ముచ్చట అనుకుంటున్నరేమో. 2011ల సకల జనుల సమ్మె నలభై రెండు రోజులు నడిచింది. రోడ్ల మీద బతుకమ్మలు పెట్టింది ఎవరు? వంటావార్పుల పొయ్యి ముంగట కూసున్నది ఎవరు? 2014ల రాష్ట్రం వచ్చినంక ఏర్పడ్డ మొదటి మంత్రివర్గంల ఒక్క ఆడమనిషి లేదు. 2019 సెప్టెంబరు దాక ఆగితే ఇద్దరికి చోటు దొరికింది. 2024ల కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఐలమ్మ పేరు పెట్టిండ్రు, సంతోషం. ఆ గేటు లోపలికి పోయే ఆడపిల్లలు ఆమె నోటితోటి చెప్పిన పది పేజీలు చదువుతున్నరా అని నాకు అనుమానం.

విద్యార్థి మిత్రులకు ఒక పని చెప్పి దిగిపోత. 1948ల పదేండ్ల పిల్ల ఇయ్యాల తొంభైకి దగ్గర పడ్డది. మల్లు స్వరాజ్యం 2022 మార్చిల పోయింది. మీ ఊర్ల ఇంకా ఎవరన్న అవ్వ ఉంటే సెలవులకు పోయినప్పుడు ఆమె దగ్గర కూసోండి. దొర ఎంత దుర్మార్గుడని అడగకండి, అది మనకు తెలుసు. ఆ రాత్రి ఎందరికి వండినవ్, బియ్యం ఎక్కడ దాసినవ్, పోలీసులకు ఏం చెప్పినవ్, అంతా అయిపోయినంక నిన్ను ఇంట్లకు ఎట్ల రానిచ్చిండ్రని అడగండి. మీ జేబుల ఉన్న ఫోను చాలు. బ్యాటరీ మాత్రం నిండ పెట్టుకొని పోండి, అవ్వలు ఒకసారి మొదలుపెడితే పొద్దుగూకే దాక ఆపరు.